పన్నెండో ముఖం

పాత చెక్క బీరువా తలుపు మీద, దేవుడి ముందు మోకరిల్లిన పన్నెండుమంది భక్తుల బొమ్మ. పదకొండు ముఖాల మీది మసిని తండ్రి ఎప్పుడో తుడిచాడు. “ఆ చివరి ముఖం జోలికి పోకమ్మా,” అని కూతురికి చెప్పి, ఆ ఒక్కటీ అలాగే వదిలేశాడు.

పాత బొమ్మలు బాగుచేసే తండ్రి పనే కూతురూ నేర్చింది, మొండితనం మాత్రం ఆమె సొంతం. తెల్లారితే బీరువా సొంతదారుకి అప్పగించాలి. దీపాన్ని దగ్గరికి లాక్కుని, తడి దూదితో పన్నెండో ముఖాన్ని రుద్దసాగింది. సర్... సర్...

చెయ్యి లాగేసి ఆపింది. చప్పుడు ఆగలేదు. తనే ఖాళీ చేసి తాళం వేసిన బీరువా లోపల, సరిగ్గా అదే చోట, ఎవరో రుద్దుతున్నారు. చూస్తుండగానే మసి పలచబడింది.

అయినా లేవలేదు. కొత్త దూది తడుపుకుంది.

“సరే, నువ్వు అటునుంచి రా. నేను ఇటునుంచి వస్తా.”