సొరబుర్రలో నల్లరాయి

గాలికి ముసలాయన తలగుడ్డ జారిపోయింది.

కాందిశీకుల శిబిరం గేటు దగ్గరున్న వాళ్ళందరూ ఆయన నుదురు చూశారు.

నుయెర్ తెగ మగవాడికి నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కత్తితో కోసిన ఆరు అడ్డగీతలుంటాయి. ఈయన గీతలు కనుబొమల మధ్యకి వాలి కలుసుకున్నాయి. అవి డింకా తెగవాళ్ళ గీతలు. శిబిరంలో ఉన్న నుయెర్లంతా ఊళ్ళు వదిలి వచ్చింది ఆ గీతల వాళ్ళ తుపాకులకి భయపడే.

మూడు నెలలుగా ఆయన గేటు పక్కనే కూర్చుంటున్నాడు, ముందొక సొరబుర్ర పెట్టుకుని. లారీల్లో అడవికి కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళు తలో గులకరాయి అందులో వేసి వెళ్ళాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. ఎందుకంటే చెప్పడు. పోనీ పాపం, పిచ్చి ముసలాడని వేసేవాళ్ళు.

"ఇంతమందిని లెక్కపెట్టుకుంటున్నావు, పెళ్ళికి ఓలిగా ఆవులెప్పుడు తోలుకొస్తావు తాతా?" అని ఆటపట్టించేవాళ్ళు.

సాయంత్రం అందరి రాళ్ళూ పోగా ఒక నల్లరాయి మిగిలేది. అదెవరిదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అందరికీ అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయినట్టనిపించింది. ముందుగా నోరు తెరిచింది న్యాబియెల్.

"మన ఆడవాళ్ళు ఎంతమంది బయటికెళ్తున్నారో లెక్కపెట్టి అడవిలో తనవాళ్ళకి చేరేస్తున్నాడు."

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. కిందటి వానల్లో, నీలిటోపీల శాంతి సైనికులు ఇంకా తోడు రాని రోజుల్లో, ఆమెతో కట్టెలకి వెళ్ళిన న్యాపుకా తిరిగి రాలేదు. పక్క గుడారం మనిషే. మొగుడెక్కడున్నాడంటే మాట మార్చేసేది. మర్నాడు ఆమె పొయ్యి రాజకపోతే గానీ, ఆమె రాలేదన్న సంగతే ఎవరికీ తెలియలేదు.

ఈ రోజు న్యాబియెల్‌కి జ్వరం. తన బదులు కూతురు మార్తాని లారీ ఎక్కించింది.

మగవాళ్ళు ముసలాయన చుట్టూ మూగారు. ఆయన కాదనలేదు, కాళ్ళు పట్టుకోలేదు.

"లారీలు వచ్చేదాకా ఉండనివ్వండి. ఎవరి రాయి వాళ్ళు తీసుకున్నాక నేనే పోతాను."

న్యాబియెల్ సొరబుర్రని కాలితో తన్నింది. రాళ్ళు దుమ్ములో చెల్లాచెదరయ్యాయి.

ముసలాయన వంగి ఒక్క నల్లరాయి ఏరుకున్నాడు.

"నలభై మూడుమంది వెళ్ళారు. గుర్తుపెట్టుకోండి," అని లారీలు వెళ్ళిన దారినే నడిచి వెళ్ళాడు.

అటు పోతున్నాడంటే తనవాళ్ళ దగ్గరికేగా అనుకున్నారు జనం.

పొద్దు వాలాక రెండు లారీలూ వచ్చాయి. కట్టెల మోపులు దిగాయి, మనుషులు దిగారు. మార్తా దిగలేదు.

ముందు లారీ వాళ్ళు వెనక లారీలో ఉందనుకున్నారు. వెనక లారీ వాళ్ళు ముందు లారీలో ఉందనుకున్నారు. న్యాబియెల్ రెండు లారీలూ ఎక్కి వెతికింది.

నీలిటోపీ కెప్టెన్ దుబాసీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన వెతుకుతున్నది వేరే మనిషిని.

"ముసలాయన ఏడీ? ఆయన చెయ్యి ఊపితేనే నేను గేటు వేసేది."

"లెక్క మీరు చూసుకోరా?" అంది న్యాబియెల్.

"గేటు రాకముందే సగం మంది దూకేస్తారు. మా లెక్క ఏనాడు కుదిరింది? రాయి మిగిలిందని ఆయన చెప్తే వెనక్కి వెళ్తాం. ఇప్పటికి నలుగుర్ని తెచ్చాం."

ఆ నలుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు. తాము రాలేదని సైనికులే కనిపెట్టారనుకున్నారు ఇన్నాళ్ళూ. ఇద్దరూ తలలు దించుకున్నారు.

మార్తాని వెతకడానికి కెప్టెన్ జీపు బయల్దేరింది. న్యాబియెల్ మోకాళ్ళ మీద కూలబడి దుమ్ములో రాళ్ళు ఏరింది. నలభై మూడూ దొరికాయి. వాటిలో తన బిడ్డది ఏదో తెలియక అన్నీ ఒళ్ళో పోసుకుని కూర్చుంది.

చీకటి పడకముందే జీపు తిరిగొచ్చింది. మార్తా కుంటుతూ దిగింది. మడమకి కట్టు ఉంది. ఆ తలగుడ్డని అందరూ గుర్తుపట్టారు.

వాగు గట్టు మీంచి జారిపడిందట. లారీల మోతలో ఆమె కేకలు ఎవరికీ వినిపించలేదు. ముసలాయన దారి పక్కన నిలబడి, వస్తున్న లారీల్లో తలలు లెక్కపెట్టాడట. ఒకటి తగ్గింది. ఆపమని చేతులెత్తితే ఆపలేదట. అప్పుడు పిలుచుకుంటూ అడవిలోకి వెళ్ళి, ఆమెని వీపున మోసుకుని దారి దాకా తెచ్చాడు.

"మరి ఆయనేడే?" అంది న్యాబియెల్.

"జీపు కనబడగానే నన్ను దించేసి గడ్డిలోకి వెళ్ళిపోయాడు. సైనికులు పిలిచినా రాలేదు. మీవాళ్ళు ఊరుకోరులే అన్నాడు."



మార్తా పిడికిలి తెరిచింది. అరచేతిలో నల్లరాయి ఉంది.

"దీన్ని సొరబుర్రలోంచి తియ్యొద్దని చెప్పమన్నాడమ్మా. మన న్యాపుకా ఆయన పెళ్ళామట."