వరసలో రెండో పేరు

యువరాజు ఫీలిమోనే అందరి ముందూ చెల్లెలికి వీపు తిప్పి నిలబడ్డాడు.

రాజుగారి ముంగిట్లో చాపల మీద కూర్చున్న పెద్దలు ఉలిక్కిపడ్డారు. వైతోలు దీవిలో చెల్లెలి ముందు అన్న గొంతు కూడా పెంచడు. అలాంటిది వీపు చూపించాడు.

"నీకొక్కదానికే చెప్పాను లోసే. ఒక్కదానికే!" అన్నాడు అటు తిరిగే.



రాజుగారు అప్పుడే తీర్పు చెప్పి లోపలికి వెళ్లారు. అనుమతి లేకుండా పెళ్లి చేసుకున్నవాడికి గద్దె మీద హక్కు పోతుంది. వాడికీ, వాడి పిల్లలకీ. ముత్తాతల నాటి కట్టుబాటు. కొడుకు తర్వాత కూతురు. ఇకమీదట వారసురాలు లోసే.

"గద్దె కావాలంటే నన్నే అడగాల్సింది. చాటుగా చాడీలెందుకు?"

యువరాజు హోదాకి గుర్తుగా నడుముకు చుట్టుకున్న చాప విప్పి తండ్రి కూర్చున్న చోట పడేసి, ఫీలిమోనే వెళ్లిపోయాడు.

"చూడ్డానికెంత అమాయకంగా ఉంటుందో!" వెనకాల ఆడవాళ్లలో ఎవరో అన్నారు.

"పెద్దింటి పిల్లలింతే. నవ్వుతూనే పీక నొక్కుతారు."

అంతకుముందు శనివారమే ఫీలిమోనే చెల్లెల్ని పడవెక్కించుకుని పక్క లంకకి తీసుకెళ్లాడు. అక్కడ పాస్టరుగారి వరండాలో, బడిపంతులమ్మ లవీనియాని పెళ్లి చేసుకున్నాడు. లవీనియా వాళ్లది మామూలు జాలరి కుటుంబం. రాజుగారు ఒప్పుకునే సంబంధం కాదు. పెళ్లికొడుకు తరఫున వచ్చింది లోసే ఒక్కతే.

"నాన్నకి ఇప్పుడే తెలియకూడదు. నీ కడుపులోనే దాచుకో," అన్నాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని. "నేను రాజునయ్యాక నీకూ సెమిసికీ పెళ్లి దగ్గరుండి చేస్తాను. ఒప్పుకోవాల్సింది అప్పుడు నేనే కదా!"

లోసే కళ్లలో నీళ్లు తిరిగాయి. సెమిసి దీవుల మధ్య తిరిగే లాంచీకి సరంగు. అతన్ని అల్లుడిగా తండ్రి కలలో కూడా ఒప్పుకోడు. వాళ్లిద్దరికీ ఉన్న ఆశ అన్నయ్య ఒక్కడే.

ఆ సంతోషంలో, ఆ సాయంత్రమే రేవులో సెమిసికి చెప్పేసింది. అతనికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

అందుకే తీర్పయ్యాక నేరుగా రేవుకే వెళ్లింది.

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు. మా అమ్మ మీద ఒట్టు."

"నీకు తప్ప నేనెవరికీ చెప్పలేదు సెమిసీ!"

"అయితే నేనేనంటావా?" లాంచీ తాడు అతని చేతిలోనే ఉండిపోయింది. "మీ అన్నయ్యకి గద్దె పోతే నాకేం ఒరుగుతుంది? మన పెళ్లికి ఒప్పుకునేది ఆయనొక్కడేగా! కాస్త ఆలోచించు లోసే."

ఆమె ఆలోచించలేదు.

"ఇంకెప్పుడూ నా కంట పడకు," అంది.

సెమిసి కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఇంకేమైనా అంటుందేమోనని. తర్వాత తాడు విప్పుకుని వెళ్లిపోయాడు. సువా నగరంలో ఏదో ఓడలో చేరాడని కొన్నాళ్లకి తెలిసింది. అక్కడే పెళ్లి చేసుకున్నాడని ఇంకొన్నాళ్లకి తెలిసింది.

లోసే కూడా గద్దె వద్దని పోవచ్చు. కానీ ఆమె తర్వాత వరసలో ఉన్నది బాబాయి. సముద్రం అడుగు తవ్వుకునే కంపెనీవాళ్లతో ఆయన అప్పటికే విందులు చేసుకుంటున్నాడు. ఆయన చేతికి దీవి చిక్కితే చేపలుండవు, తినేవాళ్లుండరు.

అన్నయ్య చోటు లాక్కున్నదాన్ని, కనీసం సరిగ్గా మొయ్యాలి అనుకుంది. తండ్రి చూపించిన దొరనే చేసుకుంది. వయసు మళ్లిన మనిషి. భోంచేస్తూ కూడా కునికిపాట్లు పడేవాడు.

తండ్రి పోయాడు. పట్టం కట్టేనాడు పెద్దలందరి మధ్యా, వేర్లతో చేసిన కావా పానీయం మొదటి చిప్ప లోసే చేతికొచ్చింది. అన్నయ్య కూర్చోవాల్సిన చాప ఖాళీగానే ఉంది. అందరూ ఆ చాప వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశారు. ఆ చూపులు ఆమె రాణీ అయ్యాక కూడా పోలేదు.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అన్నయ్య ఊరికి బయల్దేరింది. కారు ఊరి బయటే ఆపించి నడిచి వెళ్లింది.

ఫీలిమోనే చేపలకి వెళ్లాడు. లవీనియా వాకిట్లో కొబ్బరి కోరుతోంది. రాణీని చూసి గబగబా లేచి చాప పరిచింది.

"అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా?"

"ఆయనకేం రాణీగారూ! పొద్దున్న వల, మధ్యాహ్నం పెండలం తోట, సాయంత్రమైతే స్నేహితులతో కావా. బొజ్జ కూడా వచ్చింది. ఈ మనిషి రాజుగారబ్బాయంటే మా పిల్లలే నమ్మరు."

లోసే నవ్వలేకపోయింది. తల వంచుకుంది.

"అన్నయ్య కాళ్ల మీద పడదామని వచ్చాను వదినా. ఆ రహస్యం నేనే ఒకతనికి చెప్పాను. అతని నోట్లోంచి బయటికి పోయింది. మీ బతుకులు నా మూలంగానే ఇలా అయ్యాయి."

లవీనియా చేతిలో చిప్ప కింద పెట్టింది. చుట్టూ చూసి, కిలకిలా నవ్వింది.

"ఇక్కడెవరూ లేరులెండి, నా దగ్గర కూడా ఆ నాటకమెందుకు? ఆయన నాకప్పుడే అంతా చెప్పారు. గద్దె నేనెక్కుతాను, నింద కూడా నేనే మోస్తాను, నువ్వు హాయిగా బతుకన్నయ్యా అని మీరు ఆయనకి మాటిచ్చాకే కదా, పెళ్లయిన మర్నాడు చర్చి నుంచి వస్తూ వస్తూ ఆయన తనే వెళ్లి రాజుగారికి చెప్పొచ్చింది!"