ఎవరి తరఫు?

కీమో గదిలో ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలోకి ఓ ముసలాయన వచ్చి కూర్చున్నాడు. చేతిలో రాగిజావ డబ్బా.

నరసరావుపేట ఆస్పత్రిలో సలోమి భర్త రాజారత్నానికి అప్పుడే మందు ఎక్కిస్తున్నారు. క్వారీలో బండలు మోసిన మనిషి, ఇప్పుడు దిండు కూడా ఎత్తలేడు.

మీరెవరని సలోమి అడగలేదు. రోగిని చూడవచ్చిన చుట్టాన్ని అలా అడిగితే ఇంకేమైనా ఉందా? అత్తగారి తరఫు మనిషే అనుకుని "మావయ్యా" అని పిలిచేసింది.

డాక్టరు అమర్నాథ్ ముందే చెప్పాడు. క్లోమంలో గడ్డ చిన్నదే. దాని చుట్టూ ఉన్న మంచి కణాలే దాని మాయలో పడి తిండి అందిస్తున్నాయి, మందు చొరబడకుండా గోడ కూడా కట్టేశాయి. ఆ కణాలను దారికి తెచ్చే కొత్త మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది; ఆ పరీక్షల్లో భాగంగానే దాన్ని రాజారత్నానికి ఎక్కిస్తున్నారు. గోడ మెత్తబడితేనే ఆపరేషన్, లేకపోతే ఆశ లేదు.

"ఆ గడ్డకి మనకన్నా ఎక్కువమంది చుట్టాలున్నారే" అంది సలోమి, ఏడుపు ఆపుకుంటూ.

మందు ఎక్కించే ప్రతిసారీ ముసలాయన వచ్చేవాడు. జావ తాగించేవాడు, కాళ్లు ఒత్తేవాడు. అందరిలా ఎలా ఉన్నాడని అడగడు.

"గోడ మెత్తబడిందంటనా అమ్మా?"

ఈయనకి ఈ గోడ గోల ఏంటో అని సలోమి నవ్వుకునేది. ఆయన రావడం ఆలస్యమైతే మాత్రం గుమ్మం వైపే చూసేది. అంత ఇష్టం పెరిగిపోయింది.

గోడ మెత్తబడింది. ఆపరేషన్ అయింది. రాజారత్నం లేచి కూర్చుని, పండుమిరప పచ్చడి కావాలని పేచీ పెట్టాడు.

ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. ముసలాయనకు బట్టలు పెట్టాలని సలోమి పంచెల చాపు తెచ్చింది. మీ తరఫు మావయ్యకు కబురు చేశారా అని అత్త దేవమ్మను అడిగింది.

దేవమ్మ విస్తుపోయింది. "మా వాళ్లేందే? మీ పుట్టింటోళ్లనుకునే గందా నేను అన్నయ్యా అని పిలిచింది."

సలోమి ఆ పంచెలతోనే ఆస్పత్రికి పరిగెత్తింది.

జావ తెచ్చే ముసలాయన ఎక్కడుంటారని డాక్టరును అడిగింది. ఆయన పేరు సామ్యేలు అని, పోయిన వారమే గుండె ఆగి చనిపోయారని డాక్టరు చెప్పాడు.

సలోమి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "ఇంతకీ ఆయన మాకేమవుతాడు సార్?"

"ఏమీ కాడమ్మా" అన్నాడు డాక్టరు. "ఇదే జబ్బుతో పోతూ పోతూ సువార్త అనే అమ్మాయి తన గడ్డ చుట్టూ ఉన్న కణాలను పరీక్షలకు ఇచ్చింది, వాటి మీదే ఈ మందు తయారైంది; ఆ పిల్ల తండ్రి ఆయన."