తొమ్మిది మంది తక్కువ

చీటీలు మూడోసారి విప్పేసరికి ఆల్వినా ఒంటరిదైపోయింది.

పొద్దున ఆమెతో కలిపి ఆ వైపు ముగ్గురున్నారు. భోజనాల వేళకి ఇద్దరయ్యారు. ఇప్పుడు ఒక్క చీటీ మీదే "ఉంది" అని రాసుంది. మిగతా వాటన్నిటి మీదా "లేదు."

తీర్పు చెప్పడానికి ఊళ్ళోంచి ఏరిన ఈ పన్నెండు మంది జ్యూరీ ముందు జడ్జి పెట్టిన ప్రశ్న ఒకటే. కార్లిస్ అనే ఈ ఇరవై రెండేళ్ళ కుర్రాడి బతుకులో, అతన్ని చంపకుండా వదలడానికి తగిన కారణం ఏదైనా ఉందా? ఉందంటే చచ్చేదాకా జైలు. లేదంటే ప్రాణం తీసే సూదిమందు.

పెట్రోలు బంకులో పనిచేసే రేమండ్‌ని కాల్చి చంపింది కార్లిసేనని ఈ పన్నెండు మందే కిందటివారం తేల్చారు. అందులో ఆల్వినాకి అనుమానం లేదు.

జ్యూరీ పెద్ద గేలన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి రిటైరైనవాడు. గొంతు పెంచకుండానే పదిమందిని తన దారికి తెచ్చుకోగలడు.

"ఆ చీటీ ఎవరిదో అందరికీ తెలుసు," అన్నాడు. "ఆల్వినా, తల్లీ, నీ మనసులో ఏముందో చెప్పు. వింటాం."

ఆమెకి చెప్పడం రాదు. బడిలో పిల్లలకి భోజనం వడ్డించడం ఆమె ఉద్యోగం. శుక్రవారం వచ్చిందంటే కొందరు పిల్లలు రొట్టెలు జేబుల్లో కుక్కుకుంటారు. బడి లేని శని, ఆదివారాలు వాళ్ళింట్లో పొయ్యి వెలగదు మరి. ఆల్వినా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

కార్లిస్ పిన్ని కోర్టులో చెప్పిన మాటలు ఆమెని వదలడం లేదు. వాళ్ళమ్మ వాణ్ణి కుక్కల బోనులో పెట్టి తాళం వేసుకుపోయేదట. తర్వాత పిన్ని తెచ్చుకుని పెంచితే, వాడు పరుపు కింద రొట్టెముక్కలు దాచుకునేవాడట. బూజు పట్టినా పారెయ్యనిచ్చేవాడు కాదట.

"ఆ రొట్టెముక్కలు..." అంది ఆల్వినా.

"ఆకలి మా ఇంట్లోనూ ఉండేది," అంది ఎదురుగా కూర్చున్నావిడ. "మేం ఎవర్నీ కాల్చలేదే."

"తప్పు లేదనడం లేదమ్మా. చంపొద్దంటున్నా. అంతే."

గేలన్ జడ్జి ఇచ్చిన సూచనలు తీసి నెమ్మదిగా చదివాడు. "లేదు" అనాలంటే పన్నెండు మందీ ఒక్కమాట మీదుండాలి. "ఉంది" అనాలంటే కనీసం పదిమంది కావాలి.

"నీకింకా తొమ్మిది మంది తక్కువ తల్లీ. ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

"నేను మారకపోతే ఏమవుతుంది?"

ఎవరికీ తెలీలేదు. గేలన్ అదే ప్రశ్న కాగితం మీద రాసి పంపాడు. కాసేపటికి జడ్జి దగ్గర్నుంచి జవాబొచ్చింది. మీకిచ్చిన సూచనలే మళ్ళీ చదువుకోండి, అని.

"ఏముంది, కేసు మళ్ళీ మొదటికొస్తుంది," అన్నాడు గేలన్. "కొత్త జ్యూరీ. అవే ఫొటోలు. రేమండ్ తల్లి మళ్ళీ వచ్చి, కొడుకు శవాన్ని తెర మీద చూస్తూ కూర్చోవాలి. ఆ పుణ్యం నువ్వు కట్టుకుంటావా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. విచారణ జరిగిన అన్నాళ్ళూ ఆ తల్లి ముందు వరసలోనే కూర్చుంది. ఫొటోలు వేసినప్పుడల్లా కళ్ళు మూసుకోకుండా, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చూసింది. ఆల్వినాకి ఆవిడ చేతులే గుర్తొస్తున్నాయి.

లేచి కిటికీ దగ్గరికి పోయింది. వెనకాలే ఏమస్ వచ్చాడు. రిటైరైన పోస్ట్‌మాన్. మధ్యాహ్నం దాకా ఆమె వైపున్నది ఈయనే.

"నువ్వెందుకు మారిపోయావన్నా?"

"ఏం చెయ్యను చెల్లీ. మనిద్దరం గింజుకుంటే పదిమందవుతామా? మనం కాదంటే ఇంకో జ్యూరీ చంపుతుంది. వాడి రాత అంతే." ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. "ఆ తల్లినైనా ఇంటికి పోనిద్దాం."

ఆల్వినా దేవుణ్ణి అడిగింది. ఆయనా పలకలేదు.

బల్ల దగ్గరికొచ్చి చీటీ తీసుకుంది. రాసిన మొదటి అక్షరం అలికిపోయింది. ఇంకో చీటీ అడిగి తీసుకుని, "లేదు" అని రాసింది. గేలన్ ఆమె భుజం తట్టాడు. ఎవరో ముక్కు చీదారు. ఆమె మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది.

కోర్టులో జడ్జి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగాడు. ఇది మీ తీర్పేనా? ఆల్వినా వంతొచ్చింది. ఆమె కార్లిస్ వంక చూసింది. జడ్జి రెండోసారి అడిగాడు.

"అవునండి."

కార్లిస్ తలెత్తలేదు. వెనక వరసలో అతని పిన్ని కుర్చీలోంచి నేలమీదికి జారిపోయింది.

బయట ఎండ మండిపోతోంది. ఆల్వినా కారు తలుపు పట్టుకుని నిలబడిందే గాని, ఎక్కలేకపోయింది. కార్లిస్ తరఫు ముసలి ప్లీడరు హాలిస్ అటుగా పోతూ ఆగాడు. కేసు ముగిసింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు.

"ఒంట్లో బాగానే ఉందామ్మా?"

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "సాయంత్రం దాకా నేనొక్కదాన్నే చంపొద్దన్నానండీ. పదిమంది కావాలన్నారు. ఇంకా తొమ్మిది మంది తక్కువయ్యారు. నేనేం చెయ్యను?"

హాలిస్ చేతిలో సంచీ కింద పెట్టేశాడు. చెప్పడం మంచిదో, చెప్పకపోవడం మంచిదో తేల్చుకోలేక నలిగిపోతున్నట్టున్నాడు.

"చివరిదాకా మీరొక్కరు కాదని కూర్చున్నా సరిపోయేదమ్మా, మళ్ళీ విచారణంటూ లేకుండా వాడికి జైలే పడేది... ఆ ఒక్క ముక్కా జ్యూరీకి ఎవరూ చెప్పకూడదని మన టెక్సస్ చట్టమే మా నోళ్ళు కట్టేసింది."