బిళ్ళ మచ్చ

ఆసుపత్రి గది అద్దంలోంచి మనవరాలిని చూసేసరికి తిరుమలమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఏడో నెలలోనే పుట్టిన పసిగుడ్డు. కడుపు మీద గుండీ అంత ఎర్రమచ్చ, తొడ మీద ఇంకొకటి.

"వాతలు పెట్టిండ్రు!" అని వరండా అదిరేలా అరిచింది.

మండదూ మరి! పిల్లకు ఊపిరాడకపోతే తమ ఊరు యాపలదిన్నిలోనే వాత పెట్టిస్తానంది తను. అందరూ మీద పడి తిట్టి, రాయచూరు ఆసుపత్రికి తెచ్చారు.

"నేను పెడితే పాపమంట, వీళ్లు పెడితే వైద్యమంట! ఇదేం న్యాయం?"

బెంచీ మీద కూర్చున్న ఒక పడుచు లేచి వచ్చింది.

"వాత కాదవ్వా. నెత్తురుల గాలి ఎంతున్నదో సూదితోని గుచ్చకుంట చూసే బిళ్ళ. వెచ్చగుంటది గదా, అంటిచ్చిన కాడ ఎర్రగైతది. అందుకే చోటు మారుస్తుంటరు. మచ్చ రేపటికి పోతది."

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు."

"మరి నోరు మూస్కో."

మూసుకుంటేనా! తిరుమలమ్మ ఎటు తిరిగితే అటు వచ్చి అదే పాట. "బిళ్ళ పీకకుండ్రి అవ్వా. జర ఓపిక పట్టుండ్రి." జిడ్డులా పట్టుకుంది.

సాయంత్రం చేతులు కడిగించి తిరుమలమ్మను లోపలికి పంపారు. అదే అదనని ఆమె బిళ్ళను పట్టి లాగేసింది. మిషను గొల్లుమంది.

ఆ పడుచు చెప్పులతోనే లోపలికి ఉరికొచ్చి తిరుమలమ్మ చెయ్యి పట్టుకుంది. "సిస్టర్! సిస్టర్!"

నర్సు హులిగెమ్మ పరుగున వచ్చి బిళ్ళను మళ్లీ అంటించింది. ఇద్దరినీ చెడామడా తిట్టి బయటికి పంపింది.

తిరుమలమ్మ నేరుగా వాచ్‌మన్ దగ్గరికి పోయింది. "ఈ పిల్లను ఎల్లగొట్టన్నా. చెప్పులతోని లోపలికి ఉరికొచ్చింది."

"నీ బిడ్డ ఏ మంచంల ఉంది?" అని వాచ్‌మన్ ఆ పడుచును అడిగాడు.

"లేదన్నా."

"బిడ్డ లేకుంట ఈడ నీకేం పని? నడువు."

ఆమె మెట్లు దిగిపోయింది. పీడ విరగడైందనుకుంది తిరుమలమ్మ.

మర్నాడు చూస్తే నిన్నటి మచ్చలు లేవు. పిల్ల నిమ్మళంగా ఊపిరి తీస్తోంది. అనవసరంగా నోరు పారేసుకున్నానే అనిపించి తిరుమలమ్మ బెంచీ వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

"ఆ పిల్ల ఎవరు సిస్టర్?"

"అయ్యమ్మనా? మల్లట్ నుంచి రోజూ వచ్చి కూసుంటది. పోయిన నెల ఈడనే బిడ్డను పోగొట్టుకుంది. తెచ్చిన దినం ఈ బిళ్ళ అంటిద్దమంటే, ఆ పసిదాని ఒంటి మీద వాత లేని చోటు దొరకలేదు."