తింటుంటే చూసే మనిషి

సరోజ మనవరాలి చేతిలోని రొట్టెముక్క లాక్కొని కొంగు కింద దాచింది.

"ఆజీ, నాది," అంది కాజల్.

"లోపలికొచ్చి తిను. మళ్ల నిలబడ్డడు."

ఎదురు మగ్గాల షెడ్డు గుమ్మంలో కొత్తాయన నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. జుట్టు నిండా దూది. చూపు మాత్రం పిల్ల నోటి మీదే.

పక్కన బీడీల చాట ఒళ్లో పెట్టుకొని కూర్చున్న సుందరాబాయి తలెత్తకుండానే అంది. "రోజూ గిదే కత వదినే. పొల్ల ముద్ద మింగేదాంక కదలడు. మింగినంక పోయి పని చేస్కుంటడు."

"పిల్ల తింటుంటే నోట్లకు చూసేటోడు మనిషేనా?"

"దిష్టి తీసినవా?"

"తీసిన. మిరపకాయలు నిప్పులల్ల ఏస్తె ఘాటు సుత రాలె. అంత పాడు చూపు."

"నకో బాయి, అసొంటోడు మన గల్లీల వద్దు," అంది సుందరాబాయి. "జేబుల ఫోన్ సుత లేదట. ఈ కాలంల ఫోన్ లేదంటే దొంగన్న కావాలె, పారిపోయి వచ్చినోడన్న కావాలె."

దాజీ పేటలోని ఆ గల్లీకి అతను చలికాలంలో వచ్చాడు. పేరు దత్తాత్రేయ అని షెడ్డు యజమాని గంగాధర్ చెప్పినా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. తువ్వాళ్లు నేసే మరమగ్గాల మధ్య అతని పని. పోగు తెగితే మగ్గం ఆపి, అతికించి, మళ్లీ నడిపించాలి.

పొద్దస్తమానం మగ్గాల మోత. అక్కడ మొగుడూ పెళ్లాలు కూడా అరుచుకుంటున్నట్టే మాట్లాడుకుంటారు. ఇతను గొంతు పెంచడు. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. గల్లీకి అదీ ఒక నేరమే అయింది.

ఆ పూట సరోజ షెడ్డు ముందుకు వెళ్లి గంగాధర్‌ను బయటికి పిలిచింది.

"ఎవర్ని తెచ్చి పెట్టినవయ్యా గల్లీల?"

"నేను తేలేదు సరోజక్కా. ఈ గల్లీ పేరు అడుక్కుంట ఆయనే వచ్చిండు."

"అగో. ఏదో మనసుల పెట్టుకొనే వచ్చిండు."

"పుణెల పెద్ద కొలువట అక్కా. రాత్రి లేదు పగలు లేదు. కరోనల మరీ నలిగిపోయి ఇడిసిపెట్టిండట. ఇప్పటికీ నా ఫోన్ మోగితే ఆయన చేతులు వణుకుతయ్."

"పెద్ద కొలువు ఇడిసి నీ తువ్వాళ్లకు పోగులు అతికిస్తడా? నా చెవుల పువ్వు పెడ్తున్నవా?"

"నేను సుత అదే అడిగిన. ఆడ తెగింది అతికిందో లేదో ఎన్నడు తెలిసేది కాదట. ఈడైతే కండ్ల ముంగట అతుకుతదట. పానం నిమ్మలంగ ఉన్నదట."

"తిక్కమాటలు," అంది సరోజ. "ఆ పొల్ల ఒకపారి నా చేతులల్లకెళ్లి పోయి వచ్చింది గంగాధర్. ఎవరో మారాజు, మొకం సుత చూడలె, బతికిచ్చిండు. పేరు తెల్వకనే ప్రతి శుక్రారం మార్కండేయ గుడిల ఆయనకోసం కొబ్బరికాయ కొడ్తున్న. దొరికితే కాళ్లు కడుగుత. అట్ల దక్కిన పొల్ల మీద వీని చూపు పడనిస్తనా?"

గంగాధర్ షెడ్డు లోపలికి తిరగబోతే సరోజ అడ్డు నిలబడింది.

"ఆయన్ని పంపు. లేకుంటే రేపు ఆడోళ్లమంత చాటలు తెచ్చి నీ షెడ్డు ముంగటనే కూసుంటం."

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చింది.

కొత్తాయన చిన్న సంచితో బయటికి వచ్చాడు. మెట్ల మీద రొట్టె తింటున్న కాజల్ దగ్గర ఆగాడు. మోకాళ్ల మీద కూర్చొని, పిల్ల నములుతుంటే చూశాడు. మింగింది. అతని ముఖంలోకి నవ్వులాంటిదేదో వచ్చింది.

సరోజ తన ఒళ్లోని బీడీల చాట తోసేసి పరుగెత్తింది. చాటలోని పొగాకు ధూళి లేచి గొంతుకు పట్టింది. పిల్లను వెనక్కి లాగి, వేలు చూపిస్తూ ఏదో అనబోయింది. దగ్గు ఆగలేదు. ఊపిరి అందలేదు. గోడ పట్టుకొని వంగిపోయింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అతని మాట ఆమెకు మొదటిసారి వినిపించింది. మెత్తగా, తొందర లేకుండా.

"అమ్మా, ముందుగాల నువ్వు ఊపిరి తీస్కో. నేను పోతున్న."

ఆమె ఊపిరి తీసుకుంది. దగ్గు ఆగింది.

అతను ఎక్కాడు. ఆటో కదిలింది.

సరోజ గోడ వదిలింది. రెండడుగులు వేసింది. తర్వాత జారిన కొంగు కూడా చూసుకోకుండా ఆటో వెనక పరుగెత్తింది.

"ఆపుండ్రి. ఓ అయ్యా, ఆగు."

కరెంటు వచ్చింది. మగ్గాలన్నీ మళ్లీ మొదలయ్యాయి. ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. ఆటో కుంఠా నాకా వైపు తిరిగిపోయింది.

సుందరాబాయి ఆయాసపడుతూ వచ్చి భుజం పట్టుకుంది.

"ఏమైంది వదినే? ఏమన్న ఎత్తుకపోయిండా?"

సరోజ ఆటో తిరిగిన మలుపు వైపు ఇంకో రెండడుగులు వేసింది.

కరోనా బందులో, మగ్గాలు ఆగి, గల్లీ అంతా తలుపులు వేసుకున్న మధ్యాహ్నం, పల్లీగింజ గొంతుకు అడ్డుపడి నీలమైపోయిన కాజల్‌ను ఒళ్లో వేసుకొని ఆమె అంబులెన్స్‌కు ఫోన్ చేసి, గల్లీ పేరు చెప్పి ఏడుస్తుంటే, పిల్లను ఎలా బోర్లా పడుకోబెట్టాలో, వీపు మీద ఎక్కడ చరచాలో చెప్పే ముందు అవతలి నుంచి ఇదే గొంతు అంది: "అమ్మా, ముందుగాల నువ్వు ఊపిరి తీస్కో. నేనెటూ పోను."