ఐదిళ్ల ఆవు

అప్పు సంఘం ఆఫీసరు ఒక ఇల్లు తనిఖీ చేసి బయటికి రాగానే, మేము జనపకట్టెల దడి చాటున ఎర్రావును పక్కింటికి తోలేస్తున్నాం. మా గుంపులో ఐదుగురం. అందరం ఆవు కొంటామనే అప్పు తీసుకున్నాం. ఒక్కరింట్లో ఆవు కనబడకపోయినా ఐదుగురికీ కొత్త అప్పు ఆగిపోతుంది.

నాలుగో ఇల్లు గులనాహార్‌ది.

"ఏం ఆపా, ఇక్కడా ఎర్రావేనా?" అన్నాడు ఆఫీసరు. మా ఆడవాళ్లందర్నీ అక్కా అన్నట్టు 'ఆపా' అనే పిలుస్తాడు.

"అందరం ఒకే సంతలో కొన్నాం సార్!"

అంతలో ఆవు ఆమె మీదికి కొమ్ము విసిరింది.

"నువ్వంటే దీనికి గిట్టదా ఏం?"

"నేనంటే మా ఆయనకే గిట్టదు సార్, ఇక దీనికా!"

ఆఖరిది మా ఇల్లు. ఎవరూ తోలకుండానే ఆవు పాకలోకి నడిచింది. గాటి దగ్గర నిలబడి నా మోచెయ్యి నాకింది.

ఆఫీసరు మురిసిపోయి ఫోటో తీసుకున్నాడు. "ప్రేమగా పెంచడమంటే ఇదీ! ఈ ఆపాను చూసి నేర్చుకోండి."

ఆయన మోటారు సైకిలు గట్టు దాటగానే, ఊళ్లో వడ్డీకి డబ్బు తిప్పే తోఫజ్జల్ వచ్చాడు.

"ఇంటికి వంద టాకాలు. అద్దె తియ్యండి."

మొన్న వానల్లో సంఘం వాయిదా కట్టడానికి అతని దగ్గర అప్పు చేశాను. తీర్చలేకపోతే నా ఆవును తోలుకుపోయాడు.

పలుపు పట్టి లాగాడు. ఆవు కదల్లేదు.

"నువ్వే తోలుకురా," అన్నాడు. "నీ మాటైతే వింటుంది."

వింది.